నేను ముట్టని కుక్క

జూన్ 14, శనివారం

నాయన ఒక కుక్కను తెచ్చాడు. గేటు పక్కన మురుగు కాలవలో పడి ఉంటే చేతులతో ఎత్తుకొని వచ్చాడట. నేను బజారు నుంచి వచ్చేసరికి వెనక గచ్చు మీద, బట్టలుతికే బండ పక్కన, గోనెపట్టా మీద ఉంది. ఒంటి మీద సగం బొచ్చు లేదు. తోక మొదట్లో అరచెయ్యంత పుండు. ఆ పుండు కదులుతోంది. ఊపిరి తీస్తోందేమో అనుకొని వంగి చూశాను. పురుగులు.

పరుగెత్తి వాంతి చేసుకున్నాను. తిరిగి వచ్చేసరికి నాయన పీట వేసుకొని కూర్చుని వాటిని ఒక్కొక్కటే ఏరి, టర్పెంటైన్ పోసిన కొబ్బరిచిప్పలో వేస్తున్నాడు. దేనితో ఏరుతున్నాడో అప్పుడు చూశాను. నా కనుబొమ్మల ప్లక్కరుతో.

"నాయనా, అది నాది."

"ఇంగోటి కొనుక్కోమ్మా. దీనికి ఇదే సరిగ్గా సరిపోయింది."

నాయన ముప్పై రెండేళ్లు కోయిలకుంట్ల పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. రిటైరై పదహారేళ్లయినా ఆ చేతులకు అలవాటు పోలేదు. అమ్మ పోయాక, ఒక్కడే ఎలా ఉంటాడని కడపకు తెచ్చుకున్నాను. నాకు మాత్రం ఎవరున్నారు? ఈ నాలుగేళ్లలో ఇల్లు శుభ్రంగా ఉంచుకున్నాను. ఇప్పుడు ఇది.

ఆ వాసన నాకు తెలుసు. దాని గురించి రాయను.

జూన్ 15, ఆదివారం

గుడికి వెళ్లి వచ్చాను. రేపటి ‘ఉదయ ప్రేరణ’కు విషయం దొరకలేదు. రెండేళ్లుగా రోజూ ఉదయం ఐదున్నరకు చర్చి స్త్రీల సహవాసం వాట్సాప్ గ్రూపులో నా మూడు నిమిషాల మాట. సహనం అయిపోయింది, కృతజ్ఞత అయిపోయింది, ఆవగింజ ఉపమానం మూడుసార్లు అయిపోయింది. ఎవరూ గుర్తుపట్టలేదు. అంటే వినడం లేదు. వినకుండానే చేతులు జోడించిన బొమ్మ పెడతారు. మొన్నటి మాటకు తొమ్మిది చేతులు. రెండు వందల మందిలో తొమ్మిది.

జూన్ 16, సోమవారం

ఈ రోజు ప్రేరణ: ‘ఎవరూ ముట్టని వారిని ముట్టుకోవడం.’

"సహోదరీలారా, మా గేటు ముందు ఒక ప్రాణి పడి ఉంది. దుర్వాసన. పురుగులు. నాకూ రోత పుట్టింది. కానీ లోపల ఒక మెల్లని స్వరం అడిగింది, నువ్వు ఇలా ఉన్న రోజున నిన్ను ముట్టుకున్నది ఎవరని. నేను కూర్చున్నాను. నా చేతులతో ఒక్కొక్క పురుగునూ ఏరాను."

‘మా నాయన’ అని మొదలుపెట్టి రెండుసార్లు రికార్డు చేశాను. బాగా రాలేదు. ‘నేను’ అంటేనే మాటకు బలం. వినేవాళ్లకు ఎవరు ఏరారన్నది కాదు కదా, ఏరడం ముఖ్యం. వ్యాసం రాసేటప్పుడు ‘నేను’తో మొదలుపెట్టమని పిల్లలకు నేనే చెబుతాను.

సాయంత్రానికి నూట ముప్పై జవాబులు. కర్నూలు నుంచి కూడా ఎవరో పంపారు. ఒకామె ఏడుస్తూ వాయిస్ పెట్టింది.

జూన్ 19, గురువారం

వాసన పోవాలని ఫినాయిలు రెండుసార్లు పోశాను. పోలేదు.

జూన్ 24, మంగళవారం

రోజూ కుక్క గురించే చెబుతున్నాను. వాళ్లే అడుగుతున్నారు. "మీ చిన్న స్నేహితురాలు ఎలా ఉంది అక్కా?" పేరు కావాలన్నారు. గ్రేసీ అన్నాను. అప్పటికప్పుడు వచ్చింది. అందరికీ నచ్చింది.

నాయన దానికి పేరు పెట్టలేదు. "ఏమ్మా" అంటాడు. నన్నూ అదే అంటాడు. వంటింట్లో ఉంటే వెనక నుంచి "ఏమ్మా, తిన్న్యావా" అని వినబడుతుంది. "ఇంకా లేదు నాయనా" అంటాను. వెళ్లి చూస్తే దాని ముందు కూర్చుని ఉంటాడు. రోజుకు రెండుమూడుసార్లు జరుగుతోంది. నలభై ఆరేళ్ల మనిషిని, పదిమందికి బోధ చెప్పే మనిషిని, గజ్జి కుక్కనీ ఒకే పిలుపుతో పిలుస్తాడు. చెబితే నవ్వుతాడు.

పుండు ఆరుతోందట. వేపనూనెలో కర్పూరం కలిపి రాస్తున్నాడు. తన పాత ఆస్పత్రి స్నేహితుల ద్వారా సూదులు కూడా వేయించాడు. అది అమ్మ పాత చీర మీద పడుకుంటోంది. నీలం నేత చీర. నన్ను అడగలేదు.

ఈ రోజు ప్రేరణ: ‘తోడు.’ మనుషులు వదిలేసినా మూగజీవి వదలదు, దేవుడు మన ఒంటరితనంలోకి నాలుగు కాళ్ల మీద నడిచి వస్తాడు, అన్నాను. ఇది చెప్పేటప్పుడు నా గొంతు నిజంగానే వణికింది. నటన కాదు. అది మటుకు రాసుకోవాలి.

జులై 2, బుధవారం

సుగుణ ప్రసన్నమ్మ గారు ఫోన్ చేశారు! సహవాసం అధ్యక్షురాలు నాకు సొంతంగా ఫోన్ చేయడం ఇదే మొదలు. ఆగస్టు తొమ్మిదిన కర్నూలులో స్త్రీల మహాసభ. నాలుగు జిల్లాల నుంచి వస్తారు. అరగంట నాది.

"హెప్సిబా సిస్టర్, గ్రేసీని కూడా స్టేజీ మీదికి తీసుకురావాలి. మెడకు ఒక తెల్ల రిబ్బను కడితే చాలు. మీ ప్రేరణలన్నీ చిన్న పుస్తకంగా వేద్దాం. అట్ట మీద మీరు, మీ ఒళ్లో గ్రేసీ."

ఆమె గొంతు బెల్లప్పాకంలా ఉంటుంది. వింటే చెవి కడుక్కోవాలనిపిస్తుంది. కానీ పిలిచింది నన్నే కదా. ఇరవై ఏళ్లుగా వెనక బెంచీలో కూర్చున్నాను. ఎవరూ తమ పక్కన కూర్చోమని అనలేదు. దేవుడు చిన్నవాళ్లను లేపుతాడు.

నా ఒళ్లో గ్రేసీ.

జులై 6, ఆదివారం

ఫోటో తీయాలని చూశాను. గుడి నుంచి వచ్చి, తెల్ల చీరతోనే గచ్చు మీదికి వెళ్లి, ఫోన్ నాయన చేతికిచ్చాను. ఊపిరి బిగపట్టి చెయ్యి చాపాను. అది గోడకు ఆనుకొని పళ్లు బయటపెట్టింది. మూడు వారాలు నా ఇంట్లో తిని.

ఇంకోసారి చాపాను. వేలు దాని చెవికి తగలబోయింది. చెవి అంచున పక్కు కట్టి, జిగటగా ఏదో. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. 

నాయన ఫోన్ నాకిచ్చేశాడు.

"దాన్ని ముట్టుకోనీకి నీకు రోత. అది తప్పేం కాదుమ్మా. శానా మందికి ఉంటాది. ముట్టుకున్నానని ఎందుకు చెప్తాండావు?"

ఆయన దగ్గర ఫోను లేదు. గుడి బయట ఎవరో నా ప్రేరణ వినిపించారట. "మీ అమ్మాయి ఎంత మంచిదప్పా" అన్నారట.

"మరి నువ్వేమన్నావు?"

"అవును మంచిదే అన్న్యా."

 పోయి దాని పక్కన కూర్చున్నాడు. ఇంకేమైనా అని ఉంటే బాగుండేది.

జులై 8, మంగళవారం

రాయను అన్నాను గానీ రాస్తాను. ఎవరు చదువుతారు.

ఆ వాసన అమ్మది. చివరి ఐదు నెలలు అమ్మ వీపు మీద, పిరుదుల మీద పుండ్లు. నేను ప్రతి శనివారం కోయిలకుంట్లకు వెళ్లేదాన్ని. యాపిల్ పళ్లు, పౌడరు డబ్బా, మెత్తని దుప్పట్లు తీసుకెళ్లేదాన్ని. మంచం తలవైపు కూర్చుని ప్రార్థన చేసేదాన్ని. బాగా చేసేదాన్ని. పొరుగువాళ్లు వచ్చి వినేవాళ్లు. నాయన నీళ్లు కాచుకొని వచ్చి "జరుగుమ్మా" అనేవాడు. నేను బయటికి వెళ్లేదాన్ని. ఐదు నెలల్లో ఒక్కసారి కూడా ఆయన "నువ్వు పట్టు" అనలేదు.

ఆయన అనలేదు కాబట్టే నేను పట్టలేదు. అంటే పట్టేదాన్ని.

జులై 11, శుక్రవారం

పక్కింటి మధులత వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని మాట్లాడింది. వాకిట్లోకి వచ్చి నా ముందే అలా పెట్టుకుంది!

"అక్కా, ఏమనుకోవద్దు. మిద్దె మీద గుడ్డలు ఆరేయలేకున్నాము. అది మా పాపను చూసి గుర్రుమనింది. మీ నాయన పెద్దాయన, ఆయనకు చెప్పలేము. నువ్వు చదువుకున్నదానివి."

సాయంత్రం కాలనీ ప్రెసిడెంటు రాజశేఖర్ గారు కూడా గేటు దగ్గరే నిలబడి అదే చెప్పారు. వీళ్ల ఇళ్లలో ఏసీలు, బండలు అద్దాల్లా మెరుస్తుంటాయి, కాలవలోకి మాత్రం అన్నీ వదులుతారు. నాకు వాళ్ల ముఖాలు చూస్తేనే వెగటు. అయినా వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. పొరుగువారితో సమాధానంగా ఉండాలి. నేనే ఎన్నిసార్లు చెప్పాను.

మహాసభకు ఇంకా నెల ఉంది. స్టేజీ మీద వేల మంది ముందు అది నన్ను చూసి పళ్లు బయటపెడితే?

దాన్ని పంపించేయాలనుకోవడానికి కారణం అది కాదు. కారణం పొరుగువాళ్లు.

జులై 15, మంగళవారం

నాయన నిన్న కోయిలకుంట్ల వెళ్లాడు. ఆస్పత్రిలో తనతో పనిచేసిన బొజ్జన్న పోయాడు. రెండు రోజులకు గానీ రాడు. పోతూ పోతూ "పొద్దున ఒకసారి, మాపు ఒకసారి పెట్టు. తట్ట ఆడ పెట్టి నువ్వు ఇవతలికి రా, అప్పుడు తింటాది" అని చెప్పాడు.

స్కూలుకు సామాను తెచ్చే ట్రాలీ ఆటో డ్రైవరు ఉరుకుందును పిలిచాను. ఆలూరు వైపు మనిషి, ఎక్కువ మాట్లాడడు. ఉదయం ఏడింటికి వచ్చాడు.

"యాడ ఇడవల్ల మేడమ్?"

"దూరంగా. తిండి దొరికే చోట."

"గువ్వలచెరువు ఘాటు కాడ ఇడుస్తా. పాలకోవ అంగళ్లుండాయి. ఏమన్నా పడేస్తారు."

అది రాలేదు. బండ వెనక నక్కింది. ఉరుకుందు గోనెసంచి పట్టుకొని అటూ ఇటూ తిరిగాడు. దొరకలేదు. స్కూలుకు టైమవుతోంది. మధులత వాళ్ల మిద్దె మీద నిలబడి చూస్తోంది.

అప్పుడు నేను పిలిచాను. నాయన పిలిచినట్టు, గొంతు కాస్త సాగదీసి, "ఏమ్మా" అన్నాను.

వచ్చింది. తల వంచుకొని, నడుము ఊపుకుంటూ, నేరుగా నా దగ్గరికి వచ్చింది. నా కాలి మీద మూతి పెట్టింది. తడిగా, వెచ్చగా. నేను కదల్లేదు. ఉరుకుందు వెనక నుంచి సంచి వేశాడు.

సంచిలో నుంచి అది అరవలేదు. అరుస్తుందనుకున్నాను.

కాలు మూడుసార్లు కడుక్కున్నాను. స్కూల్లో నాలుగు పీరియడ్లు చెప్పాను.

జులై 16, బుధవారం

ఈ రోజు ప్రేరణ: ‘వదిలిపెట్టడం కూడా ప్రేమే.’ గ్రేసీ ఒక రైతు కుటుంబానికి తోడుగా వెళ్లిందని చెప్పాను. పొలం, చెట్లు, ఆడుకోవడానికి చోటు. నూట అరవై జవాబులు. సుగుణ ప్రసన్నమ్మ గారు: "ఎంత త్యాగం సిస్టర్. సభకు మాత్రం ఒక పూట తెప్పించండి."

జులై 17, గురువారం

నాయన వచ్చాడు. సంచి కూడా దించకుండా వెనక్కి వెళ్లాడు.

"యాడమ్మా?"

"గేటు తెరిచి ఉంటే వెళ్లిపోయింది. నేను స్కూల్లో ఉన్నాను."

నా ముఖం చూశాడు. ఎక్కువసేపు కాదు. తర్వాత గిన్నెలో సంగటి ముద్ద వేసుకొని వీధిలోకి వెళ్లాడు.

జులై 20, ఆదివారం

నాయన గుడికి రాలేదు. ఉదయం నుంచి తిరుగుతూనే ఉన్నాడు. ఎండ మామూలుగా లేదు, జులై అనిపించడం లేదు. స్టేషను వెనక, దర్గా వీధి, మార్కెట్టు, బస్టాండు. ప్రతి చోటా గిన్నె చేత్తో పట్టుకొని అడుగుతాడట. "తోక కాడ పుండు ఆరింది, గోధుమ రంగు, ఆడది, చూసినారా అప్పా?" స్కూల్లో పిల్లలు చెప్పుకొని నవ్వుతున్నారు. టీచరమ్మ నాయన కుక్కను అడుక్కుంటున్నాడని.

డెబ్బై నాలుగేళ్లు. చెప్పులు అరిగిపోయి మడమ కనిపిస్తోంది.

చెప్పేయవచ్చు. చెబితే తిరగడం మానేస్తాడు. కానీ చెబితే... రేపు చూద్దాం.

జులై 21, సోమవారం

వీధి చివర నుంచి "ఏమ్మా" అని వినబడింది. "ఆఁ నాయనా" అంటూ గేటు దాకా వెళ్లాను. నన్ను కాదు.

జులై 23, బుధవారం

నాయన మధులతను కూడా అడిగాడట. ఆమె సాయంత్రం నేను వాకిలి ఊడుస్తుంటే పిట్టగోడ మీది నుంచి వంగింది.

"నేనేం చెప్పలేదులే అక్కా. చూడలేదన్న్యా. మనలో మాట మనలోనే." కన్ను కొట్టినట్టు నవ్వింది. ఒక ప్లేటులో ఉగ్గాని, బజ్జీలు పెట్టి గోడ మీద ఉంచింది. "తిను, నీకని చేసినా."

తీసుకున్నాను. థ్యాంక్స్ కూడా చెప్పాను. లోపలికి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడి, మొత్తం తిన్నాను. ఆకలి లేదు. నూనె చేతికి అంటుకుంది. సబ్బుతో కడిగినా ఆ జిడ్డు పోలేదు. నా ఒళ్లు నాకే కంపు కొడుతోంది.

రేపటి ప్రేరణ రికార్డు చేద్దామని కూర్చున్నాను. "సహోదరీలారా" అన్నాను. ఆపి, దాన్ని విన్నాను. సుగుణ ప్రసన్నమ్మ గారి గొంతులాగే ఉంది.

జులై 25, శుక్రవారం

మూడో పీరియడ్‌లో ఫోన్. నాయన ఏడు రోడ్ల కూడలి దగ్గర పడిపోయాడు. ఎవరో ఆటోలో వేసుకొని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఎండదెబ్బ, నీరసం. సెలైన్ ఎక్కుతోంది. గిన్నె ఆయన తల పక్కనే పెట్టారు. సంగటి ముద్ద ఎండిపోయి బెచ్చులుగా లేస్తోంది. చొక్కా నిండా వాంతి. నర్సు ఒక తడి గుడ్డ నా చేతికిచ్చి, తుడవమ్మా అని వెళ్లిపోయింది.

తుడిచాను. బాగా తుడిచానని రాయలేను. ముఖం పక్కకు తిప్పుకొని తుడిచాను.

కళ్లు తెరిచాడు. "స్టేషను కాడ ఒగ పక్క చూడలేదు. సాయంత్రం పోతా" అన్నాడు.

"వద్దు నాయనా. కడపలో లేదది."

 నేనే చెప్పాను. ఉరుకుందును పిలిచింది, గోనెసంచి, గువ్వలచెరువు. దాన్ని ఎలా పిలిచానో కూడా చెప్పాను. అది చెప్పకుండా ఆగుదామనుకున్నాను, కానీ వచ్చేసింది.

అప్పుడు చూశాడు నా వైపు. ఆయన ముఖంలో ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు. కోపం కాదు. నేను ఆ కుక్కను మొదటిరోజు ఎలా చూశానో అలా. పెదవులు కొంచెం వెనక్కి పోయి, ముక్కు బిగించి. పశువుల పుండ్లు, అమ్మ పుండ్లు, దేన్నీ ఆయన అలా చూడలేదు. నన్ను చూశాడు.

"నా గొంతుతో పిలిచినావా?" అన్నాడు.

తర్వాత గోడ వైపు తిరిగాడు.  అటు తిరిగే అన్నాడు. "రేపు పోదాం. ఆ ఆటో ఆయన్ను రమ్మను."

జులై 26, శనివారం

డాక్టరు వద్దన్నా వినలేదు. ఉరుకుందు తన పక్కన నాయనను కూర్చోబెట్టుకున్నాడు. నేను వెనక ట్రాలీలో, సామాను వేసే చోట కూర్చున్నాను. వాళ్లు చెప్పలేదు, నేనే ఎక్కాను.  ఘాటు మొదలయ్యాక ఉరుకుందు గొంతు వినబడింది.

"నాకు ఆ పొద్దే మనసు ఒప్పలేదు పెద్దాయనా. టీచరమ్మ కదా, ఏందో కారణముంటాదిలే అనుకున్న్యా."

అంగళ్ల దగ్గర దించాడు. పాల బాణలి ముందు గురమ్మ అనే ఆవిడ గరిటె తిప్పుతూ ఉంది. అడగ్గానే చెప్పింది.

"ఆ గోధుమ కుక్కనా? మీదేనా అది? వారం దినాలు ఆ మలుపు కాన్నే కూచునింది అప్పా. ఏ ఆటో వచ్చినా లేచి ఉరికేది, మొకాలు చూసేది, మళ్లా వచ్చి కూచునేది. నాలుగు దినాల కిందట బండి తగిలింది. కల్వర్టు కింద ఉండాది. అన్నం యాస్తే తినలేదు. బతికుందో లేదో పొద్దున్నించి చూడలేదు."

నాయన కల్వర్టు కిందికి దిగబోయాడు. ముందుకు తూలాడు. ఉరుకుందు పట్టుకున్నాడు. నేను దిగాను.

బతికి ఉంది. వెనక కాలు పక్కకు పడి ఉంది, తొడ చీరుకుపోయింది. చీరుకున్న చోట మళ్లీ పురుగులు. కల్వర్టు కింద గాలి లేదు. ఆ వాసన నోట్లోకి వచ్చింది. నన్ను చూసి పళ్లు బయటపెట్టింది, లేవలేకపోయింది. నేను దాని పక్కనే వాంతి చేసుకున్నాను. తర్వాత కొంగు నడుముకు చుట్టి, దాని కిందికి రెండు చేతులూ పోనిచ్చి ఎత్తాను. కరిచింది. మణికట్టు మీద, ఎముక దాకా. వదల్లేదు, నేనూ వదల్లేదు.

చింతచెట్టు నీడలో పడుకోబెట్టాం. నాయన దాని మూతికి తుండుగుడ్డ కట్టి, తల ఒళ్లో పెట్టుకున్నాడు. గురమ్మ వేడినీళ్లు, పసుపు తెచ్చింది. నాయన ఏరబోయాడు.  ఒక్కటి కూడా పట్టలేకపోయాడు.

"నా చెయ్యి వణుకుతాండాది. నువ్వు పట్టు" అన్నాడు.

వేళ్లతోనే ఏరాను. ఏం రాయాలి? నాకు జాలి కలగలేదు. ప్రేమ రాలేదు. ఏ స్వరమూ వినబడలేదు. మొదటి నుంచి చివరిదాకా రోతే. అవి వేళ్ల మధ్య మెత్తగా మెలికలు తిరుగుతాయి. కొన్ని లోపలికి దూరతాయి, వేలు లోపలికి పెట్టాలి. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లి కక్కి వచ్చాను. నాయన "ఇంగా ఉండాయి, ఆ మూలన" అని చూపిస్తూ ఉన్నాడు. గంటన్నర. నా మణికట్టు నెత్తురు దాని పుండులో పడుతుంటే ఏది నాదో ఏది దానిదో తెలియలేదు.

కడపకు వచ్చాక నాయన మొదట నాకు సూది వేయించాడు. తర్వాత దానికి.

జులై 28, సోమవారం

కాలు విరగలేదట. చీలికకు కుట్లు వేశారు.

సుగుణ ప్రసన్నమ్మ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. పురుగులు ఏరింది నాయనేనని, రైతు కుటుంబం లేదని, సంచి సంగతి.  నేను ఊపిరి తీసుకున్నాను. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను.

"సిస్టర్! ఇది ఎంత గొప్ప సాక్ష్యం! తప్పిపోయి దొరికింది! మీరూ తప్పిపోయి దొరికారు! ఆ కరిచిన కట్టు అలాగే ఉంచుకొని స్టేజీ ఎక్కండి. హాలంతా ఏడుస్తుంది."

నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే ఆమె అనేలోపే నాకు మొదటి వాక్యం వచ్చేసింది. ‘సహోదరీలారా, ఈ గాయం చూడండి.’ ఎంత బాగుంది! ఎక్కడ ఆగాలో, ఎక్కడ చెయ్యి ఎత్తాలో కూడా తెలిసిపోయింది. కల్వర్టు కింద ఉన్నది దీనికంటే శుభ్రం.

"నేను రాను సుగుణమ్మ గారూ" అన్నాను.

"ఎందుకు? ఏమైంది?"

"చెబితే బాగా చెబుతాను. అందుకని."

ఆమెకు అర్థం కాలేదు. పేర్లు అచ్చయిపోయాయి అంది. దేవుని పనికి అడ్డం రాకూడదు అంది. పెట్టేశాను.

ఆగస్టు 1, శుక్రవారం

గ్రూపులో రాసి పెట్టాను. వాయిస్ కాదు, గొంతును నమ్మలేను.

‘నేను కుక్కను ముట్టుకోలేదు. ముట్టుకుని బాగు చేసింది మా నాయన గాబ్రియేలు. ఆయన ఊళ్లో లేనప్పుడు నేను దాన్ని సంచిలో కట్టించి ఘాట్ రోడ్డులో వదిలేయించాను. రైతు కుటుంబం అబద్ధం. ఇకపై నేను ఉదయ ప్రేరణ చెప్పను.’

చివర ఒక వాక్యం జోడించాలని చెయ్యి పీకింది, దీని నుంచి మనం నేర్చుకునేది ఏమిటంటే అని. జోడించలేదు.

మధ్యాహ్నానికి పద్దెనిమిది మంది గ్రూపు వదిలేశారు. ఒకామె, ఆ రోజు ఏడ్చిన ఆమె, "మీ మాట విని నేను మా అత్తకు స్నానం చేయిస్తున్నాను. అబద్ధమా అదంతా?" అని అడిగింది.  "చేయిస్తూ ఉండండి" అని రాశాను. చదివింది. 

మధులత ఉగ్గాని ప్లేటు అడిగింది. ఇచ్చాను. "మరి ఆ కుక్క మళ్లా వచ్చిందే" అంది.

"వచ్చింది. ఉంటుంది. రోజూ గచ్చు నేనే కడుగుతాను. పాప వచ్చేటప్పుడు కట్టేస్తాను."

ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. పెట్టుకోనీ.

ఆగస్టు 9, శనివారం

కర్నూలులో మహాసభ. నా అరగంటలో ఎవరో పాటలు పాడారట.

రెండో శనివారం, స్కూలు లేదు. గచ్చు కడిగాను. కుక్క తొడ కట్టు విప్పి, కడిగి, మందు రాశాను. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. కట్టుకుంటే తప్పు కాదని నాయనే అన్నాడు. దాని మూతికి గుడ్డ, నా ముక్కుకు గుడ్డ. గుర్రుమంటూనే ఉంది. నాకు రోత పుడుతూనే ఉంది. ఇద్దరం అలాగే కానిచ్చాం.

ఆగస్టు 12, మంగళవారం

నాయన నాతో అవసరానికి మాట్లాడతాడు. ఉప్పు ఎక్కువైంది, మందులు అయిపోయినాయి, అంతే. అమ్మ గురించి కూడా ఆయనతో చెప్పాలని ఉంది, ఆ ఐదు నెలల గురించి. ఇంకా చెప్పలేదు. చెబితే బాగా చెబుతానేమోనని భయం.

ఈ సాయంత్రం ఆయన మంచం మీద కూర్చుని ఉంటే నేల మీద కూర్చున్నాను.

"నాయనా, నన్ను క్షమించినావా?"



"నన్నా అడగల్సింది?"

"మరి దాన్ని అడగాలా? అదేం చెబుతుంది?"

"ఏం చెప్తాది. దానికి అట్లాంటివి తెలీవు. క్షమించేదీ తెలీదు, క్షమించకుండా ఉండేదీ తెలీదు. బయపడేది తెలుసు, ఆకలి తెలుసు." దగ్గాడు. "పొద్దు పోతాండాది. అన్నం పెట్టు పో."

తట్టలో అన్నం, మజ్జిగ కలిపి తీసుకెళ్లాను. గోడకు ఆనుకొని లేచింది, మూడు కాళ్ల మీద. తట్ట కింద పెట్టాను. అది నన్నే చూస్తోంది. నేను ఉంటే తినదు.

లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. కాసేపటికి తట్ట గచ్చు మీద జరుగుతున్న చప్పుడు వినబడింది.